మాత్ర వేసుకుంటున్నా నీరసం తగ్గకపోతే?



థైరాయిడ్ తక్కువైన సహోదరీలు తరచుగా మమ్ములను అడిగే ప్రశ్న ఇది: "రోజూ మాత్ర వేసుకుంటూనే ఉన్నాము. అయినా నీరసం, మలబద్ధకం, జుట్టు రాలడం తగ్గలేదు. ఇంకొక మాత్ర కలిపి వేసుకోవచ్చునా?"

మాకు తెలిసిన ఒక అక్క అలాగే చేశారు. ఎవరినీ అడుగకుండా ఒకటికి రెండు వేసుకున్నారు. కొన్ని వారాలకు గుండెదడ, చేతుల వణుకు మొదలై నిద్ర కరువైంది. భయపడి అసలు మాత్రే మానివేశారు. మళ్లీ ముఖము ఉబ్బి, లేచి నిలబడలేని స్థితి వచ్చింది. డాక్టరుగారు ఓపికగా అడిగితే సంగతి బయటపడింది. ఆమె మొదటినుండి ఆ మాత్రను కాఫీతో మింగి, వెంటనే రక్తహీనతకిచ్చిన ఐరన్ మాత్ర కూడా వేసుకొనేవారు. లోపము మోతాదులో లేదు, వేసుకొనే పద్ధతిలో ఉన్నది.

కావున మొదట పద్ధతి సరిచూసుకుందాము. లీవోథైరాక్సిన్ మాత్రను పరగడుపున, మంచినీళ్లతోనే వేసుకోవాలి. తరువాత అరగంట నుండి గంట వరకు కాఫీ, టీ, పాలు, టిఫిను ఏవీ వద్దు. నిద్ర లేవగానే వేసుకుంటే, కళ్లాపి చల్లి అంట్లు తోముకొనేసరికి ఆ సమయము గడిచిపోతుంది. ఐరన్, కాల్షియం మాత్రలకు 4 గంటల ఎడము ఉండాలి. మాత్రల సీసాను పొయ్యి ప్రక్క గూటిలో పెట్టకండి. వేడికి, తేమకు మందు బలము తగ్గుతుంది.

రెండవది, తొందరపడకూడదు. ఈ మందు శరీరములో సగమగుటకే సుమారు వారము పడుతుంది. గనుక మోతాదు మార్చిన 6 నుండి 8 వారాల తరువాతే రక్తపరీక్ష చేయించాలి. డాక్టర్లు సాధారణంగా 12.5 లేక 25 మైక్రోగ్రాముల చొప్పున మాత్రమే మార్చుతారు.

ఇక్కడ చాలామంది పొరపడతారు. పరీక్షలో టి.ఎస్.హెచ్. అంకె ఎక్కువగా ఉంటే, థైరాయిడ్ ఎక్కువైనదనుకొని మాత్ర మానివేస్తారు. నిజము దీనికి విరుద్ధము. హార్మోను చాలనప్పుడు "ఇంకా పని చెయ్యి" అని మెదడు క్రిందనున్న పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌ను తరుముతుంది. ఆ తరుమే టి.ఎస్.హెచ్. అంకె పెరిగితే మందు చాలలేదనియు, బాగా పడిపోతే మందు ఎక్కువైనదనియు సాధారణంగా అర్థము. ఎక్కువ మోతాదు చాలాకాలము వాడితే గుండె లయ తప్పవచ్చు, ఎముకలు గుల్లబారవచ్చు. పెద్ద వయసువారికి ఈ ప్రమాదము మరీ ఎక్కువ.

అంకె సరిగా ఉండి కూడా అలసట పోకపోతే, కారణము వేరొకటి కావచ్చు. రక్తహీనత, బి12 లేక డి విటమిను లోపము, షుగరు, నిద్రలేమి, మనసులోని దిగులు, ఇవన్నీ అటువంటి నీరసమునే తెస్తాయి. వాటి కొరకు పరీక్షించమని డాక్టరును అడగండి.

గర్భము నిలిచినదని తెలిసిన వెంటనే చెప్పండి. అప్పుడు మందు అవసరము పెరుగుతుంది, ఆలస్యము బిడ్డకు మంచిది కాదు.

ఇంటివారికి ఒక మాట. ఆమెను సోమరి అనకండి. ఉదయము మాత్ర, గ్లాసుడు నీళ్లు మీరే అందించండి.

ఆ అక్క మోతాదు పెంచనక్కర లేకపోయింది. పాత మోతాదునే సరిగా వేసుకొని, మూడు నెలలలో మునుపటివలె పొలము పనికి వెళ్తున్నారు.