ఆ కుక్కలను అంత తేలిగ్గా తీసేయకండి

సంపాదకులకు,

పేకాడే కుక్కల బొమ్మలను ‘క్యాలెండర్ సరుకు’ అంటూ మీ వ్యాసకర్త ఒక్క మాటతో కొట్టిపారేశారు. క్యాలెండర్ సరుకే, కాదనను. 1903లో అమెరికాలోని బ్రౌన్ అండ్ బిగెలో అనే ప్రకటనల కంపెనీ కోసమే క్యాసియస్ కూలిడ్జ్ ఆ వరుస మొదలుపెట్టాడు. మొత్తం 16 బొమ్మలు, అందులో 9 పేకాటవి. కానీ వాటిని నిదానంగా చూడకుండానే తీర్పు చెబితే ఎలా? ‘ఎ ఫ్రెండ్ ఇన్ నీడ్’లో ముందు కూర్చున్న బుల్‌డాగ్ బల్ల కింద నుంచి కాలితో పక్కనున్న నేస్తానికి ఆసు అందిస్తుంటుంది. ఎదుటి పెద్ద కుక్కలేమో మహా గంభీరంగా తమ ముక్కలు చూసుకుంటుంటాయి. సంక్రాంతి పేకాటలో మన బాబాయిలను ఎరిగినవారికి ఆ ముఖాలు కొత్తేమీ కాదు.

1840లోనే కుక్కను న్యాయమూర్తిగా కూర్చోబెట్టిన లాండ్సీర్ గొప్ప చిత్రకారుడట, చేతికి పేకముక్కలిచ్చిన కూలిడ్జ్ మాత్రం చవకబారట! ఈ లెక్క నాకు అందలేదు. (చవక సంగతికొస్తే, 2005లో న్యూయార్క్ వేలంలో వీటిలో రెండు కలిపి 5,90,400 డాలర్లు పలికాయి.) వచ్చే సంచికలో ఒక్క బొమ్మయినా అచ్చువేయండి. వ్యాసంతో పాటు అదీ ఉండాల్సింది.

– ఒక పాఠకురాలు, విజయనగరం