చెక్క మాట విన్నాక

పొగాకు ఆరోగ్యానికి చేటు. అందులో రెండో మాటకు తావు లేదు. అయితే పొగతాగే పైపులు చెక్కిన చేతుల్లో ఉన్న పనితనం మాత్రం తలచుకోదగ్గది.

మేలైన పైపులు బ్రయర్ కర్రతో చేస్తారు. మధ్యధరా తీరపు కొండల మీద పెరిగే ఎరికా అర్బోరియా అనే పొదకు, కాండమూ వేరూ కలిసేచోట ఊరే గడ్డ అది. వేడికి ఓర్చుకోవడం దాని గుణం. రాతి నేలలో దశాబ్దాలు పెరుగుతుంది కనుక ఇసుకనూ గులకరాళ్లనూ తనలోనే ఇముడ్చుకుంటుంది. గంటల తరబడి ఉడకబెట్టి, నెలల తరబడి ఆరబెట్టినా లోపల ఏముందో పైకి తెలియదు. పొగాకు నింపే గిన్నెను, చారలు తీరుగా తేలాక, ఉప్పుకాగితంతో నున్నగా తీస్తుండగా, పని పూర్తయిందనుకునే వేళ, సూదిమొనంత నల్లటి గుంట బయటపడుతుంది. ఇంకాస్త అరగదీస్తే అది పోవచ్చు, పెద్దదీ కావచ్చు.

ముందు తేల్చుకోవలసింది అది ఎలాంటి లోపమన్నదే. గిన్నె లోపలి గోడలో పగులుంటే నిప్పు అక్కడే తొలుస్తుంది. ఎంత అందమైన ముక్కయినా పక్కన పడేయాల్సిందే. పైపైన గుంటయితే పనికి అడ్డు కాదు, కంటికే వెలితి. చాలామంది దాన్ని లప్పంతో పూడ్చి రంగు వేసేస్తారు. వాడేకొద్దీ చెక్క ముదురు రంగుకు తిరుగుతుంది, లప్పం తిరగదు. కప్పిన మచ్చ కొన్నాళ్లకు తనంత తానే బయటపడుతుంది.

1917లో లండన్‌లోని డన్‌హిల్ సంస్థ మరో దారి పట్టింది. చెక్క మీదికి ఇసుకను జోరుగా చిమ్మించింది. మెత్తని భాగం రాలిపోయి, గట్టి వలయాలు గట్లలా తేలాయి. చిన్న చిన్న గుంటలు వాటి మధ్య కలిసిపోయాయి. చెక్క వయసు వేలికి తగిలింది. స్వీడన్‌లో పుట్టి కోపెన్‌హాగెన్‌లో పైపులు చేసిన సిక్స్‌టెన్ ఇవార్సన్ (1910-2001) పని వరుసనే తిరగేశారు. ముందు రంధ్రాలు వేసి, వాటిని బట్టి ఆకారం తీయడం అప్పటి వాడుక. ఆయన ముందు ఆకారం దిద్ది, రంధ్రాలు వేసే బరమాను ఆఖర్న పట్టారు. మధ్యలో లోపం బయటపడితే అంచు వాల్చుకోవడానికో, వంపు మార్చుకోవడానికో వీలు మిగిలేది. చారలు నడిచిన వైపే ఆకారమూ నడిచింది. డెన్మార్క్ పైపుల ఒంపుసొంపుల వెనుక ఉన్నది ఈ ఓపికే.

వెనక్కి తీసుకోలేని నిర్ణయాన్ని వస్తువు తన గుణం చెప్పేదాకా ఆపడం ఏ పనికైనా మంచి పద్ధతి. కొనేవారికీ ఇందులో బాధ్యత ఉంది. మచ్చలేని ముక్కకు ఎన్నో రెట్లు ధర పలుకుతున్నంత కాలం, లప్పం పెట్టేది పనివాడే అయినా పెట్టించేది కొనేవారి చూపే. బొమ్మయినా వీణయినా చేత్తో చేసిన వస్తువులో చిన్న గుంట కనబడితే, బేరానికి దిగేముందు ఒక్కమాట గుర్తుంచుకోవాలి: ఆ పనివాడు దాన్ని మననుంచి దాచలేదు. ఉన్నదున్నట్టు చూపినందుకు గిట్టుబాటు ధర దక్కితే, తర్వాతి ముక్క దగ్గర లప్పం డబ్బా మూత తీయాల్సిన అవసరం అతనికి రాదు.