వెనక వచ్చేవాడి కోసం ఓ బంపరు!

బండి కొన్నప్పుడు మనం ముందు నుంచి చూస్తాం. లైట్లు, అద్దం, నిమ్మకాయల దండ, ‘శ్రీ’ అని రాసిన స్టిక్కరు... అన్నీ ముందే. వెనకాల ఏముందో చూసేదెవరు? మన వెనక వచ్చేవాడు!

దొరవారిసత్రం హైవే పక్కన ఓ రేకుల షెడ్డు. వెల్డింగు షాపు. లోపల గ్రైండర్ నిప్పురవ్వలు, బయట వేపచెట్టు కింద ఓ పాత పికప్పు. 2004 మోడలు. నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళుతూ టీ కోసం ఆగిన నేను, టీ అయిపోయినా కదల్లేకపోయాను. కారణం ఆ పికప్పుకు బంపరు చేయించడానికి వచ్చిన ఆసామీ, చేయనంటున్న మేస్త్రీ!

‘‘గర్డరు ముక్క పెట్టు మేస్త్రీ. ఎవుడొచ్చి గుద్దినా బండికి ఏం గాకూడదు’’ అంటాడు ఆసామీ.

‘‘బండికి ఏం గాదు. గుద్దినోడికి?’’ అంటాడు మేస్త్రీ.

ఆసామీ మాట్లాడలేదు. కాసేపటికి తనే చెప్పాడు. పులికాట్ ఒడ్డు నుంచి చేపలు, రొయ్యలు ఐసు పెట్టెల్లో వేసి నాయుడుపేట, సూళ్లూరుపేట తిప్పుతుంటాడు. కంపెనీ ఇచ్చిన బంపరు ఉప్పునీళ్లకు తుప్పుపట్టి ఊడిపోయింది. ఏడాదిపాటు అట్లాగే తిప్పాడు. ఓ రాత్రి టైరు పంచరై రోడ్డు పక్కన ఆపితే, వెనక నుంచి వచ్చిన మోటార్‌సైకిల్ నేరుగా తొట్టి కిందికి దూరిపోయింది. కుర్రాడు బతికాడు. కాలు మాత్రం రెండుచోట్ల విరిగింది. ‘‘బంపరుంటే ఆడనే ఆగేవోడు సార్’’ అన్నాడు, నావైపు చూడకుండా.

మరి అలాంటివాడు గర్డరు ఎందుకు అడుగుతున్నట్టు? ఎవరో చెప్పార్ట, ఎంత గట్టిదైతే అంత మంచిదని. మనలో చాలామంది నమ్మకం కూడా అదేగా!

మేస్త్రీ సుద్దముక్క తీసుకుని నేల మీదే లెక్కేశాడు. 8 అంగుళాల గర్డరు 5 అడుగుల ముక్క దాదాపు 39 కిలోలు తూగుతుంది. అదే 4 అంగుళాల ఛానల్ అయితే 15 కిలోలు. బరువు సంగతి అలా ఉంచండి. గర్డరు వంగదు. వంగనప్పుడు ఆ దెబ్బంతా ఎక్కడికి పోతుంది? సగం మన చాసిస్‌లోకి, సగం గుద్దినవాడి ఒంట్లోకి. కాస్త వంగే ఇనుమైతే ఆ దెబ్బలో కొంత తనే మింగుతుంది. ‘‘వంగితే నా దగ్గరికి రా. ముప్పావు గంటలో తీస్తా. చాసిస్ వంగితే విజయవాడ ఆటోనగర్‌కి పోవాల’’ అన్నాడు. ఆ మాటతో బేరం తెగింది. ఛానలే ఖాయమైంది.

ఇక కొలతలు. నేను చూడదగ్గ పని అనుకున్నది ఇక్కడే. టేపు తీసి నేల నుంచి చాసిస్ కొస దాకా రెండువైపులా కొలిచాడు. ఎడమవైపు అర అంగుళం తక్కువ వచ్చింది. ఇరవై ఏళ్ల బండి, ఓ పక్క కమాను కట్టలు కుంగిపోయాయి. మరి బంపరు నేలకు సమంగా కట్టాలా, తొట్టికి సమంగా కట్టాలా? నేలకు సమంగా కడితే రేపు కమాన్లు మార్చినప్పుడు బంపరు వంకరవుతుంది. అందుకని తొట్టికే సమంగా గీత గీశాడు. తర్వాత ఓ అట్టపెట్టె చింపి, చాసిస్ కొస ఆకారానికి కత్తిరించి, కంపెనీవాళ్లు వదిలిన రంధ్రాలను దాని మీద అద్దుకున్నాడు. ఇనుము కోసేముందు అట్ట కోయాలట! అట్ట తప్పితే పైసా నష్టం లేదు.

చాసిస్‌కు మాత్రం వెల్డింగు పెట్టనన్నాడు. ఆ వేడికి పక్కనున్న ఇనుము గుణం మారుతుంది, బరువు మోస్తూ మోస్తూ ఏదో ఒకరోజు అక్కడే పగులుతుంది. అందుకని 8 మిల్లీమీటర్ల ప్లేటుతో రెండు చెవులు కోసి, ఉన్న రంధ్రాల్లోనే బోల్టులు బిగించాడు. కొత్త రంధ్రం ఒక్కటీ పెట్టలేదు. ఛానల్‌ను చెవులకు బండి మీదే రెండేసి చోట్ల టాకా వేసి, ఆనక విప్పి నేలమీద పడేసి పూర్తిగా అతికాడు. టాకా వేసే ముందు బ్యాటరీ తీగ తీసేయడం మరవలేదు. మూలల్లో ముక్కోణపు బద్దలు పెట్టాడు. రెండు చివర్లూ ఏటవాలుగా కోసి, మూసి, అంచులు గ్రైండర్‌తో గుండ్రంగా చేశాడు. సందులో నడిచే పిల్లల మోకాళ్లకు తగలకూడదు కదా!

అన్నట్టు, పైపు బదులు ఛానల్ ఎందుకంటే... మూసిన పైపులో నీళ్లు చేరితే బయటికి కనపడవు, లోపల్నుంచి తినేస్తాయి. ఐసు పెట్టెల నుంచి కారేది ఉత్త నీళ్లు కాదు, ఉప్పునీళ్లు. ఇనుముకు నీళ్లు శత్రువే, ఉప్పు కలిస్తే తుప్పు ఇంకా వేగంగా పడుతుంది. అందుకే ఛానల్ నోరు బండివైపు తిప్పి, అడుగు అంచుకు జానెడుకొక రంధ్రం పెట్టాడు. కారినవి కారిపోతాయి. పైన చెకర్ ప్లేటు వేశాడు, పెట్టెలు ఎక్కించేవాడి కాలు జారకుండా.

అసలు విషయం ఎత్తు. ‘‘మోకాలి కన్నా పైకి పోకూడదు సార్’’ అంటూ తన మోకాలు చూపించాడు. నాకు నవ్వొచ్చింది. తర్వాత పుస్తకం తిరగేస్తే నవ్వు ఆగింది. లారీల్లాంటి పెద్ద సరకు బండ్ల వెనక, కింద దూరకుండా కట్టే కడ్డీకి మన దేశంలో ఓ ప్రమాణం ఉంది, ఐఎస్ 14812. ఖాళీ బండిలో నేల నుంచి ఆ కడ్డీ అడుగు అంచు 550 మిల్లీమీటర్లు దాటకూడదు. అంటే ఇరవై ఒకటిన్నర అంగుళాల చిల్లర. ఇంచుమించు మోకాలే!

1967 జూన్‌లో అమెరికాలో సినీనటి జేన్ మాన్స్‌ఫీల్డ్ కారు ఓ రాత్రి ట్రక్కు వెనక కిందికి దూరిపోయింది. ముందు సీట్లో ఉన్న ముగ్గురూ పోయారు. వెనక సీట్లో ఉన్న పిల్లలు ముగ్గురూ బతికారు. అక్కడ లారీ వెనక కడ్డీని ఇప్పటికీ ఆమె పేరుతోనే ‘మాన్స్‌ఫీల్డ్ బార్’ అంటారు. మన ఊళ్లలో ఎన్ని ప్రాణాలు పోయినా ఏ కడ్డీకీ పేరు పెట్టలేదు.

చట్టం సంగతీ చెప్పుకోవాలి. ఇష్టం వచ్చినట్టు కడతానంటే కుదరదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చనివ్వదు. ముందువైపు బిగించే బుల్ బార్లు, క్రాష్ గార్డుల మీద చర్య తీసుకోమని 2017 డిసెంబరులో కేంద్రం రాష్ట్రాలకు రాసింది కూడా. అందుకే మేస్త్రీ, పాత బంపరు ఎంత పొడవో అంతే చేశాడు. నంబరు ప్లేటు, లైట్లు కనపడేలా ఉంచాడు. వెనకకు పొడుచుకొచ్చే కొక్కెం అడిగితే ‘‘బ్రేకు ఇన్‌స్పెక్టరు ఎఫ్‌సీ ఇయ్యడు, నేనూ ఇయ్యను’’ అనేశాడు. ఇంత వయసు బండి ఏటా ఎఫ్‌సీకి పోవాల్సిందే మరి.

సాయంత్రానికి ఎమరీ పేపరు కొట్టి, రెడ్ ఆక్సైడు రెండు పూతలు. ఆరాక నల్లరంగు. దాని మీద ఎర్ర రిఫ్లెక్టరు టేపు, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా. ఈ టేపు ఆసామీనే తెచ్చుకున్నాడు, మేస్త్రీ చెప్పినదానికి రెండింతలు.

మొత్తం పాతిక కిలోల ఇనుము. డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, తాళం తిప్పబోతుంటే మేస్త్రీ అడ్డమొచ్చాడు.

‘‘తమ్ముడూ, ఒక లోడు తోలి రా. బోల్టులు మళ్లీ బిగించాల. మరిచిపోబాక.’’

‘‘రేపు తెల్లారే వస్తా అన్నా’’ అన్నాడు ఆసామీ. బండి ఎక్కబోయి, వెనక్కొచ్చి, మోకాలు బంపరుకు ఆనించి ఎత్తు ఇంకోసారి చూసుకున్నాడు.