సంపాదకుని మాట: పీష్వా చూసిన తూకాలు

చార్మినార్ అనగానే కులీ కుతుబ్ షాను తలుచుకుంటాం. ఆయన పీష్వా (ప్రధానమంత్రి) మీర్ మొమిన్ అస్త్రాబాదీ మాత్రం ఎవరికీ గుర్తుకు రారు. ఇది అన్యాయమే.

ఇరాన్‌లోని అస్త్రాబాద్ నుంచి వచ్చిన షియా పండితుడాయన. సఫవీ రాజకుమారుడు హైదర్ మీర్జాకు చదువు చెప్పారు. 1576లో అతని తండ్రి షా తహ్మాస్ప్ కన్నుమూయగానే జరిగిన వారసత్వ పోరులో ఆ శిష్యుణ్ణి చంపేశారు. 1581 ప్రాంతంలో గురువు గోల్కొండ చేరారు, కొన్నేళ్లకే పీష్వా అయ్యారు. హైదరాబాద్ నగర రూపకల్పనలో ఆయనదే పెద్ద చెయ్యి అంటారు చరిత్రకారులు.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఆయన పర్షియన్‌లో రాసిన ‘రిసాలా మిఖ్దారియా’. తూనికలు, కొలతల మీద పుస్తకమది. దిర్హం ఎంత, మిస్ఖాల్ ఎంత? ఇస్లాం ధర్మశాస్త్రంలో వీటిని బార్లీ గింజల బరువుతో తేల్చేవారు. జకాత్ (విధిగా ఇచ్చే దానం) లెక్క సరిగ్గా రావాలంటే గింజ తేడా కూడా రాకూడదు మరి. రాజ్యభారం మోస్తున్న మంత్రికి ఇంత ఓపికా! ఆయన పాండిత్యం బజారు త్రాసు దాకా దిగివచ్చింది.

1625లో ఆయన కాలం చేశారు. పాతబస్తీలో తాను ఏర్పరచిన కబ్రస్థాన్, దాయెరా మీర్ మొమిన్‌లోనే ఆయన సమాధి ఉంది. ఈ సంచిక ముఖపత్ర వ్యాసం ఆయన మీదే. దాయెరా పాత ఫొటోలు మీ దగ్గరుంటే మాకు పంపండి.