తల దెబ్బకు తగిన నడక

చేవెళ్ల, మొయినాబాదు పల్లెల కబడ్డీ బరులలో కూతకు వెళ్లి, పట్టులో చిక్కి, తల నేలకు తాకిన బాలుని చీకటి గదిలో వారాల తరబడి పడుకోబెట్టు పెద్దల వాత్సల్యము మాన్యమే కాని, ఆ పద్ధతిని ఇక విడువవలెను. 2019లో అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయ వైద్యుడు జాన్ లెడ్డీ బృందము 103 మంది కిశోర క్రీడాకారులను పరిశీలింపగా, బాధ ముదరని మేర వ్యాయామము చేసినవారు మధ్యస్థ గణనమున 13 దినములలోను, కేవలము ఒళ్లు సాగదీసినవారు 17 దినములలోను కోలుకొనిరి. నెల దాటినను తలనొప్పి వీడనివారికిని క్రీడలలోని తల దెబ్బలపై 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన వైద్యసభ ఇట్టి వ్యాయామమునే ఉపదేశించినది.

వాంతులు, మగత కనిపించినచో తక్షణము ఆసుపత్రియే శరణ్యము; లేనిచో ఒకటి రెండు దినముల విశ్రాంతి పిదప, వైద్యుని అనుమతితో, నొప్పి హెచ్చినంతనే ఆగుచు, ఉదయపు చల్లదనమున నడిపింపవలెను. వ్యాయామోపాధ్యాయులకు ప్రభుత్వము ఈ పద్ధతిలో శిక్షణను ఈ సంవత్సరమే ఇప్పింపవలెను. పూర్తిగా కోలుకొనువరకు మాత్రము బాలుని బరిలోనికి పంపరాదు.