పక్షిరాజు గుర్తు ధరించినవారు

యుద్ధాల కథలు మనకెందుకని మీలో కొందరు అనుకోవచ్చు. మేమూ మొదట అలాగే అనుకొన్నాము. అయితే ఫ్రాన్సు దేశంలో ఒక పల్లెటూరి గుడిలో, జనం కూర్చునే చెక్క బల్లలమీద 1944 నాటి రక్తపు మరకలు ఇంకా ఉన్నాయని తెలిసినప్పుడు, ఆ మరకలు ఎవరివి, ఎలా వచ్చాయి అన్నది తెలిసికోవాలనిపించింది. అలా వెదకుతూ వెళ్ళగా ఒక సైనిక దళం కథ దొరికింది.

అది అమెరికా సైన్యంలో 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్. విమానంలోనుంచి గొడుగులాంటి పారాచూట్లతో శత్రువు వెనుక దిగడానికి 1942 ఆగస్టులో లూసియానా రాష్ట్రంలో ఈ దళాన్ని ఏర్పాటు చేశారు. భుజంమీద వారి గుర్తు నోరు తెరచి అరిచే పక్షిరాజు తల. అమెరికా అంతర్యుద్ధ కాలంలో విస్కాన్సిన్ సైనికులు తమవెంట యుద్ధాలకు తీసుకొనిపోయిన ఒక పెంపుడు పక్షిరాజునుండి ఆ గుర్తు వచ్చింది. దళాన్ని తీర్చిదిద్దిన జనరల్ విలియం లీ అసలు యుద్ధానికి కొద్ది నెలల ముందే గుండెజబ్బుతో మంచాన పడ్డాడు. ఆయన స్థానంలో మాక్స్‌వెల్ టేలర్ వచ్చాడు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

1944 జూన్ 5 సాయంకాలం సేనాధిపతి ఐసెన్‌హోవర్ ఇంగ్లండులో విమానాలు ఎక్కబోతున్న ఈ పడుచువాళ్ళ మధ్య తిరిగి మాటాడాడు. ఆ రాత్రే 6,000 మందికి పైగా నార్మండీలో దూకారు. జర్మనులు అక్కడి పల్లపు పొలాలను నీళ్ళతో ముంచివేశారు. సముద్రపు ఒడ్డునుండి లోపలికి రావడానికి గట్లమీది దారులే మిగిలాయి. ఆ దారులను పట్టుకోవడమే వీరి పని. మబ్బులవల్ల, ఫిరంగుల కాల్పులవల్ల విమానాలు చెదరిపోయి, ఎక్కడివారు అక్కడ పడ్డారు. చెరువులైన పొలాల్లో పడి, వీపున ఉన్న బరువుతో లేవలేక మునిగిపోయినవారూ ఉన్నారు.

ఆంగోవిల్-ఓ-ప్లేన్ అనే ఊరు నాలుగు ఇళ్ళ పల్లె. అక్కడి గుడి దాదాపు 900 ఏళ్ళనాటిది. జబ్బుచేసినవారికి డబ్బు తీసికోకుండా వైద్యం చేశారని చెప్పుకొనే కోస్మాస్, డామియన్ అనే ఇద్దరు పూర్వకాలపు వైద్యుల పేరున దానిని కట్టారు. భక్తుల పేర్లు పెట్టే అలవాటు మనలో తక్కువేగాని, ఈ సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేకపోయాము. ఎందుకంటే జూన్ 6న ఆ గుడిలో చేరినవారు కూడా ఇద్దరే. రాబర్ట్ రైట్, కెనెత్ మూర్. ఇద్దరూ ఇరవై ఏళ్ళకు అటూ ఇటూ ఉన్న కుర్రవాళ్ళు, సైన్యంలో ప్రథమ చికిత్స చేసేవారు. చదువుకొన్న డాక్టర్లు కారు.

గాయపడినవారిని మోసుకొచ్చి బల్లలమీద పడుకోబెట్టారు. అమెరికనులనే కాదు, జర్మనులను కూడా. లోపలికి వచ్చేవాడు ఎవడైనా తుపాకి బయట పెట్టి రావాలన్నది ఒక్కటే నియమం. ఊరు నిలుపుకోలేక తమ దళం వెనక్కి పోతున్నప్పుడు వీరిద్దరూ పోలేదు. గాయపడినవారిని ఎవరికి వదలిపోతారు? ఒక జర్మను అధికారి లోపలికి వచ్చి చూశాడు. తన మనుషులకు కూడా కట్లు కట్టి ఉండటం చూచి, వీరి జోలికి రాకుండా వెళ్ళిపోయాడు. ఒక మోర్టారు గుండు పైకప్పు చీల్చుకొని నేలమీద పడి, పేలలేదు. అది పగులగొట్టిన రాయి ఇప్పటికీ అలాగే ఉన్నది. గంట గోపురంలో దాగిన ఇద్దరు జర్మను సైనికులు చివరకు దిగివచ్చి లొంగిపోయారు. కుర్రవాళ్ళకు అంతవరకు వారు పైన ఉన్నట్టే తెలియదు! మొత్తం దాదాపు 80 మందికి అక్కడ చికిత్స జరిగింది. వారిలో ఆ ఊరి బిడ్డ కూడా ఒకటి.

ఆ డిసెంబరులో బెల్జియం దేశపు బాస్టోన్ పట్టణంలో మంచులో చుట్టుముట్టబడి లొంగక నిలిచింది ఈ దళమే. సినిమాలు, పుస్తకాలు వచ్చినది ఎక్కువగా ఆ కథమీదనే గనుక మేము ఇక్కడ ఆగడం లేదు.

పదమూడేళ్ళు గడిచాయి. 1957 సెప్టెంబరులో అమెరికాలోనే లిటిల్ రాక్ అనే పట్టణంలో తెల్లపిల్లల హైస్కూలులో తొమ్మిదిమంది నల్లజాతి పిల్లలు చేరవలసి ఉంది. కోర్టు తీర్పు వారి పక్షమే. రాష్ట్ర గవర్నరు మాత్రం తుపాకులవాళ్ళను పెట్టి గేటు మూయించాడు. సెప్టెంబరు 4న ఎలిజబెత్ ఎక్‌ఫర్డ్ అనే పదిహేనేళ్ళ పిల్ల తాను కుట్టుకొన్న కొత్త గౌను వేసికొని ఒంటరిగా బడికి వెళ్ళింది. అందరూ కలసి వెళ్ళాలని రాత్రి మార్చిన ఏర్పాటు, ఇంట్లో ఫోను లేనందున, ఆమెకు తెలియలేదు. ఆ ఉదయం ఇంట్లో తల్లి 27వ కీర్తన చదివించి పంపింది. బడి ముందు గుంపు ఆమెను తిడుతూ వెంటబడింది.

అప్పుడు దేశాధ్యక్షుడు ఐసెన్‌హోవర్. సైన్యాధ్యక్షుడు మాక్స్‌వెల్ టేలర్. సెప్టెంబరు 24న 101వ దళంనుండి వెయ్యిమందికి పైగా లిటిల్ రాక్‌లో దిగారు. మరునాడు సైనికులు చుట్టూ నడువగా తొమ్మిదిమందీ ముందు ద్వారంగుండానే బడిలోకి వెళ్ళారు. ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క సైనికుడు వరండాలో కాపలా. తరగతి గదిలోకి మాత్రం సైనికుడు రాడు. అక్కడ తిట్లు, తోపులు పిల్లలే భరించాలి. ఇంకొకటి చెప్పాలి. ఆ దళంలోని నల్లజాతి సైనికులను ఆ పనికి తీసికొనిపోలేదు. మేలు చేయబోయినవారికి కూడా ఆనాడు అంతే ధైర్యం ఉన్నది. అయినా 1958 మే నెలలో ఎర్నెస్ట్ గ్రీన్ అనే విద్యార్థి ఆ బడినుండి పట్టా అందుకొన్నాడు.

ఈ దళం చేసినదంతా ఇలాంటిదే అంటే అబద్ధమాడినట్టే. 1967లో వియత్నాములో ఇదే గుర్తు ధరించిన ‘టైగర్ ఫోర్స్’ అనే చిన్న పటాలం నిరాయుధులైన పల్లెజనాన్ని చంపింది. అది 2003లో పత్రికలవల్ల లోకానికి తెలిసింది. ఎవరికీ శిక్ష పడలేదు.

ఆ గుడి బల్లలమీది మరకలను ఊరివారు చెరిపివేయలేదు. కిటికీలకు రంగుల అద్దాలు పెట్టించి, ఆ ఇద్దరినీ జ్ఞాపకం చేసికొన్నారు. రాబర్ట్ రైట్ 2013లో చనిపోయినప్పుడు అతని చితాభస్మాన్ని ఆ గుడి ఆవరణలోనే సమాధి చేశారు. రాతిమీద పూర్తి పేరు లేదు. ఆర్. ఇ. డబ్ల్యు. అని మూడక్షరాలు మాత్రమే ఉన్నాయి.