చెరువు గట్టున పరుగు: దాహమే కొలమానం

మా మనవడికి 24 ఏళ్లు. రోజంతా కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం. జూన్ నెలలో ఒకనాడు వచ్చి, ఆగస్టులో జరిగే హైదరాబాదు మారథాన్‌లో పూర్తి దూరానికి పేరు నమోదు చేసుకుంటానన్నాడు. అప్పటికి వాడు ఒక్కసారిగా పరుగెత్తిన గరిష్ఠ దూరం 10 కిలోమీటర్లు. "హుస్సేన్‌సాగర్ పక్కన తెల్లవారుజామున చల్లగా ఉంటుంది తాతయ్యా, దారిపొడవునా నీళ్లిస్తారు, భయమేముంది?" అన్నాడు. ఆ రెండు ధైర్యాలూ నన్ను కలవరపెట్టాయి.

పరుగుకు నేను విరోధిని కాను. మధుమేహం, రక్తపోటు ఇంటింటికీ చేరిన ఈ కాలంలో యువకులు తెల్లవారుజామునే లేచి పరుగెత్తడం చూస్తే ముచ్చటేస్తుంది. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో తవ్వించిన ఆ చెరువు, నడుమ నిలిచిన బుద్ధ విగ్రహం, నీటిపై తొలి వెలుగు, వీటిని చూస్తూ పరుగెత్తడం భాగ్యమే. అయితే ఆ అందమే మనిషిని మోసగిస్తుంది. నెక్లెస్ రోడ్డు చదునుగా ఉంటుంది, ఒంట్లో కొత్త ఉత్సాహం ఉంటుంది, వేగం తెలియకుండానే పెరుగుతుంది. గచ్చిబౌలి స్టేడియం చేరేలోగా ఫ్లైఓవర్లు, జూబిలీహిల్స్ ఎత్తుపల్లాలు ఎదురవుతాయి. చెరువు దగ్గర దుబారా చేసిన శక్తికి అక్కడ బదులు చెప్పుకోవలసి వస్తుంది.

ఇక చల్లదనం సంగతి. చెమట కారడం వల్ల శరీరం చల్లబడదు, ఆ చెమట ఆవిరైతేనే చల్లబడుతుంది. ఆగస్టు తెల్లవారుజామున గాలిలో తేమ అత్యధికం. చెమట ఆవిరి కాలేక ఒంటిమీది నుండి ధారగా కారిపోతుంది, లోపలి వేడి లోపలే నిలిచిపోతుంది. ఎండ లేకుండానే వడదెబ్బ తగలడం అంటే ఇదే. కాబట్టి ఉక్కగా ఉన్న రోజున గడియారాన్ని నమ్మకుండా, పక్కవారితో రెండు మాటలు మాట్లాడగలిగేటంత వేగంతో పరుగెత్తడమే క్షేమం. రెండు వారాల ముందు నుండైనా అదే వేళకు, అదే ఉక్కలో సాధన చేస్తే శరీరం కొంత అలవాటు పడుతుంది. ఏసీ గదిలో ట్రెడ్‌మిల్ మీద చేసిన సాధన ఇందుకు చాలదు.

రెండవది నీరు. దీనిని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

కొన్నేళ్ల క్రితం ఒక పరుగులో, ఊరి పేరు అనవసరం, వైద్య శిబిరంలో స్వచ్ఛందంగా కూర్చున్నాను. అయిదు గంటలు పరుగెత్తిన యువకుడొకణ్ణి మోసుకొచ్చారు. వాంతులు, తలనొప్పి, మాట తడబాటు. నీరు తగ్గిందని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. సెలైన్ ఎక్కించబోతూ చెయ్యి పట్టుకుంటే, వేలికున్న ఉంగరం మాంసంలోకి దిగిపోయి కనిపించింది. నీరు తగ్గినవాడి వేళ్లు ఉబ్బవు కదా! మిత్రుణ్ణి అడిగితే, ప్రతి నీటి బల్ల దగ్గరా ఆగి రెండేసి గ్లాసులు తాగాడన్నాడు. సెలైన్ ఆపి ఆసుపత్రికి పంపాము. రక్తంలో సోడియం 121 ఉంది. మామూలుగా 135 నుండి 145 వరకు ఉండాలి. మూడవ రోజుకు కోలుకున్నాడు. ఆ ఉంగరమే లేకపోతే నా చేతుల మీదుగానే అతనికి కీడు జరిగేది.

దీర్ఘశ్రమలో శరీరం నీటిని పట్టి ఉంచే హార్మోనును విడుదల చేస్తుంది, మూత్రం తగ్గుతుంది. ఆ సమయంలో అతిగా తాగిన నీరు రక్తంలోని సోడియాన్ని పలుచన చేసి, మెదడును ఉబ్బిస్తుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షించగా 13 శాతం మందిలో సోడియం తక్కువగా తేలింది. వారిలో ప్రధానంగా కనిపించిన లక్షణం పరుగు ముగిసేసరికి బరువు పెరగడం. నాలుగు గంటలు దాటినవారికే ఈ ముప్పు ఎక్కువ, ఎందుకంటే మెల్లగా పోయేవారికి తాగే తీరిక ఉంటుంది. దాహమైతే తాగండి, కాకపోతే బల్లను దాటి వెళ్లండి. నొప్పి మాత్రలు మింగి పరుగెత్తే అలవాటు ఉంటే మానండి, అవి మూత్రపిండాల పనిని మరింత చెడగొడతాయి.

గుండె గురించి ఒక్క మాట. అమెరికాలో 2000 నుండి 2010 వరకు ఒక కోటి తొమ్మిది లక్షల మంది పరుగువీరులలో 59 మందికి గుండె ఆగింది, 42 మంది మరణించారు. సంఖ్య స్వల్పమే. కానీ మన దేశంలో గుండెజబ్బు పాశ్చాత్యులకంటే చిన్న వయసులోనే వస్తుంది, పైగా ఛాతీ బరువును 'గ్యాస్' అని కొట్టిపారేయడం మనకు అలవాటు. నలభై దాటినవారు, తండ్రికో అన్నకో గుండెజబ్బు ఉన్నవారు ముందుగా వైద్యుణ్ణి కలవాలి.

నిర్వాహకులతో నాకొక పేచీ ఉంది. టీషర్టు మీద, పతకం మీద చూపే శ్రద్ధలో సగమైనా వైద్య శిబిరంలో మంచునీటి తొట్టె మీద, సోడియం పరీక్ష యంత్రం మీద చూపాలి. వడదెబ్బ తగిలినవాణ్ణి అక్కడే ముంచి చల్లబరచి, ఆ తరువాతే అంబులెన్సు ఎక్కించాలి.

మనవడితో వారం రోజులు వాదన జరిగింది. రెండు నెలలలో 10 నుండి 42 కిలోమీటర్లకు ఎగబాకడం కుదరదని, నాలుగయిదు నెలలు పట్టే పని అని చెప్పాను. చివరకు ఈ ఏడాదికి 21 కిలోమీటర్ల సగం పరుగుకే ఒప్పుకున్నాడు. గత ఆదివారం 14 కిలోమీటర్లు పరుగెత్తి వచ్చి తూకం చూసుకున్నాడు. వెళ్లేటప్పటికంటే 900 గ్రాములు తక్కువ. "ఇది ఫరవాలేదా తాతయ్యా?" అని అడిగి, మజ్జిగలో ఉప్పు ఎక్కువైందని వాళ్ల అమ్మమ్మతో తగవు పెట్టుకున్నాడు.